ఐపీ శాంపిల్‌లో బెయిట్ ప్రోటీనే 40వ స్థానంలో వస్తోంది: తప్పు ఎక్కడ? ప్రోటియోమిక్స్‌లోనే కొనసాగాలంటే ముందు ఏది నేర్చుకోవాలి?

ప్లాస్మిడ్_ప్రెప్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాలిక్యులర్ బయాలజీ నేపథ్యం నాది. క్లోనింగ్, క్రిస్పర్ నాకౌట్లు, క్యూపీసీఆర్, వెస్టర్న్ బ్లాట్ వరకు ఇబ్బంది లేదు. పోస్ట్‌డాక్‌లో ఒక ప్రోటీన్‌కు (దీన్నే బెయిట్, అంటే ఎర అంటాం) ఏయే ప్రోటీన్లు అతుక్కుంటున్నాయో చూడాలి కాబట్టి ఐపీ (ఇమ్యునోప్రెసిపిటేషన్, యాంటీబాడీతో ప్రోటీన్‌ను దాని తోడు ప్రోటీన్లతో సహా పట్టి లాగడం) చేసి, బరువును బట్టి ప్రోటీన్లను గుర్తించే మాస్ స్పెక్ ఫెసిలిటీకి ఇస్తున్నాం. వివరాలు ఇవి:

కణాలు హెచ్ఈకే293, ఒక్కో శాంపిల్‌కు 15 సెంటీమీటర్ల ప్లేట్ ఒకటి. లైసిస్ బఫర్‌లో 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. బెయిట్‌కు తగిలించిన ఫ్లాగ్ ట్యాగ్‌ను పట్టుకునే యాంటీబాడీ మాగ్నెటిక్ బీడ్స్‌తో 4 డిగ్రీల్లో 2 గంటలు తిప్పి, అదే బఫర్‌తో నాలుగు వాష్‌లు. తర్వాత లామ్లీ బఫర్‌లో (ఎస్‌డీఎస్ అనే గట్టి డిటర్జెంట్ ఉన్నది) 95 డిగ్రీలకు 5 నిమిషాలు మరిగించి ఎల్యూట్ చేస్తాం, అంటే బీడ్స్ నుంచి దించుతాం. ఫెసిలిటీ వాళ్లు అసిటోన్‌తో ప్రెసిపిటేట్ చేసి, 8 మోలార్ యూరియాలో కరిగించి, ప్రోటీన్లను పెప్టైడ్ ముక్కలుగా కత్తిరించే ట్రిప్సిన్ వేస్తారు. కంట్రోల్‌గా ఖాళీ వెక్టర్ వేసిన కణాలు, ఒకే ఒక రెప్లికేట్.

640 ప్రోటీన్ల జాబితా వచ్చింది. పైన ఉన్నవన్నీ కెరాటిన్లు, యాంటీబాడీ చైన్లు, హెచ్ఎస్‌పీ70, ట్యూబ్యులిన్, రైబోజోమల్ ప్రోటీన్లు. పెప్టైడ్‌ల సంఖ్య ప్రకారం చూస్తే నా బెయిట్ 40వది. వెస్టర్న్‌లో స్పష్టంగా కనిపించే పార్ట్‌నర్ ఒకటి జాబితాలోనే లేదు.

అడగదలచినవి రెండు. శాంపిల్‌లో ఏం మార్చాలి? నాకు ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. యంత్రం, బెంచ్ పని, డేటా విశ్లేషణ, ఈ మూడింటిలో ముందు దేనిమీద సమయం పెట్టాలి?

---

సీ18_చిట్కా

మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను, రెండోది మిగతావాళ్లు చూసుకుంటారు.

మీ ప్రోటోకాల్ వెస్టర్న్ కోసం రాసింది. వెస్టర్న్‌లో యాంటీబాడీ తనకు కావలసినదాన్ని మాత్రమే పట్టుకుంటుంది, మిగతా చెత్త కంటపడదు. మాస్ స్పెక్‌కు ఆ విచక్షణ లేదు, ట్యూబ్‌లో ఏది ఎక్కువ ఉంటే దాన్నే ముందు చూస్తుంది. లామ్లీలో మరిగించగానే బీడ్స్ మీదున్న యాంటీబాడీలో కొంత ఊడి వచ్చేస్తుంది, ఎస్‌డీఎస్ వచ్చేస్తుంది, బీడ్స్‌కు ఊరికే అంటుకున్నదంతా దిగిపోతుంది. కాబట్టి మరిగించడం మానేయండి. బీడ్స్ మీదే డైజెస్ట్ చేయండి.

ముందు లైసిస్. ట్రైటాన్ 1 శాతం అక్కర్లేదు. ఎన్‌పీ-40 రకం డిటర్జెంట్ 0.1 నుంచి 0.5 శాతం చాలు. రైపా (ఘాటైన డిటర్జెంట్ బఫర్) వాడితే బలహీనంగా అతుక్కున్నవి ఊడిపోతాయి. జాబితాలో అన్ని రైబోజోమల్ ప్రోటీన్లు ఉన్నాయంటే వాటిలో చాలావరకు ఆర్‌ఎన్‌ఏ వంతెనగా వచ్చినవే అయ్యుండొచ్చు. లైసేట్‌లో (కణాలు పగలగొట్టిన ద్రవంలో) ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే బెంజోనేజ్ కలపండి. దానికి మెగ్నీషియం 1 నుంచి 2 మిల్లీమోలార్ కావాలి. ఈడీటీఏ ఆ మెగ్నీషియంను పట్టేసుకుంటుంది కాబట్టి దాన్ని తీసేయాలి, ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కూడా ఈడీటీఏ లేని రకమే కొనాలి. ఈ చిన్న సంగతి మరిచిపోయి బెంజోనేజ్ పనిచేయడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. కణాలు తీసేముందు చల్లని పీబీఎస్‌తో రెండు మూడుసార్లు కడగండి, లేకపోతే సీరంలోని ఆవు ఆల్బుమిన్ వెంట వస్తుంది.

వాష్‌లు: మొదటి రెండు డిటర్జెంట్ బఫర్‌తో, తర్వాత కనీసం మూడు డిటర్జెంట్ లేకుండా, 50 మిల్లీమోలార్ ట్రిస్ లేదా అమ్మోనియం బైకార్బొనేట్‌తో. మధ్యలో ఒకసారి బీడ్స్‌ను కొత్త ట్యూబ్‌లోకి మార్చండి. ప్లాస్టిక్ గోడకు అంటుకున్న ప్రోటీన్లు పాత ట్యూబ్‌లోనే ఉండిపోతాయి. ఈ ఒక్క మార్పుతోనే నేపథ్యం బాగా తగ్గుతుంది.

డైజెషన్ రెండు దశల్లో. మొదట 2 మోలార్ యూరియా, 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 1 మిల్లీమోలార్ డీటీటీ (ప్రోటీన్లలోని సల్ఫర్ బంధాలను విడదీసేది), మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల ట్రిప్సిన్. ఇది బీడ్స్ మునిగేంత, 50 నుంచి 80 మైక్రోలీటర్లు పోసి గది ఉష్ణోగ్రతలో అరగంట నుంచి గంట ఆడించండి. పైద్రవం తీసి పెట్టుకుని, ట్రిప్సిన్ లేని అదే బఫర్‌తో బీడ్స్‌ను ఒకసారి కడిగి ఆ కడుగునూ కలపండి. ఈ తక్కువ సమయంలో ఇంటరాక్టర్లు ముక్కలై బయటికొస్తాయి, యాంటీబాడీ మాత్రం చాలావరకు బీడ్స్ మీదే ఉండిపోతుంది. రాత్రంతా బీడ్స్ మీదే వదిలేస్తే యాంటీబాడీ పెప్టైడ్‌లే శాంపిల్‌ను నింపేస్తాయి. ఇప్పుడు బీడ్స్ పక్కన పెట్టి, ద్రవంలో డీటీటీని 4 నుంచి 5 మిల్లీమోలార్‌కు పెంచి గది ఉష్ణోగ్రతలోనే అరగంట, అప్పటికప్పుడు కరిగించిన అయడోఅసిటమైడ్ (ఆ బంధాలు మళ్లీ కలవకుండా సిస్టీన్‌ను మూసేది) 10 మిల్లీమోలార్‌తో చీకట్లో మరో అరగంట. తర్వాత కొంచెం ట్రిప్సిన్ మళ్లీ వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ట్రైఫ్లోరోఅసిటిక్ ఆసిడ్ 1 శాతం అయ్యేలా కలిపి, పీహెచ్ 3 కంటే దిగిందో లేదో స్ట్రిప్ మీద ఒక్క మైక్రోలీటరు పెట్టి చూడండి. పీహెచ్ దిగకపోతే పెప్టైడ్‌లు సీ18ని, అంటే వాటిని శుద్ధి చేసే టిప్‌లోని పదార్థాన్ని, సరిగ్గా పట్టుకోవు.

సీ18 స్టేజ్ టిప్: మెథనాల్, తర్వాత 80 శాతం అసిటోనైట్రైల్, తర్వాత 0.1 శాతం ఆసిడ్‌తో తడిపి, శాంపిల్ ఎక్కించి, 0.1 శాతం ఆసిడ్‌తో రెండుసార్లు కడిగి, 0.1 శాతం ఫార్మిక్ ఆసిడ్ కలిపిన 60 నుంచి 80 శాతం అసిటోనైట్రైల్‌తో దించండి. ఒక హెచ్చరిక: సీ18 ఉప్పును, యూరియాను తీసేస్తుంది గానీ ట్రైటాన్‌ను తీయలేదు. అది పెప్టైడ్‌ల లాగే సీ18కి అంటుకుని పెప్టైడ్‌లతోపాటే దిగుతుంది. అందుకే వాష్‌లలోనే వదిలించుకోవాలి. అసిటోన్ ప్రెసిపిటేషన్ కూడా ప్రతిసారీ పూర్తిగా వదిలించదు.

తప్పనిసరిగా ఎస్‌డీఎస్‌తోనే దించాల్సి వస్తే ఎస్‌పీ3 గానీ ఎస్-ట్రాప్ గానీ వాడండి. ఆ రెండూ ఎస్‌డీఎస్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పద్ధతులే.

కెరాటిన్ గురించి: నైట్రైల్ గ్లవ్స్, ఫుల్ స్లీవ్స్, ఊలు బట్టలు దూరం, అందరూ చేతులు పెట్టే జెల్ స్టెయినింగ్ డబ్బాలు వద్దు. డిటర్జెంట్‌తో కడిగిన గాజు సీసాల్లో సాల్వెంట్లు పోయకండి. అంతకుమించి కెరాటిన్ మీద కంగారు పడకండి, అది కంట్రోల్‌లోనూ ఉంటుంది.

---

డికాయ్_డేటాబేస్

పైన చెప్పినదంతా సరైనదే. కానీ శాంపిల్ ఎంత శుభ్రంగా చేసినా రెప్లికేట్ ఒక్కటే అయితే ఆ 640 పేర్లతో చేయగలిగింది ఏమీ లేదు. ఐపీ-ఎంఎస్‌లో (ఐపీ చేసి మాస్ స్పెక్‌లో చూడటంలో) ప్రోటీన్ కనిపించిందా అనే ప్రశ్నకు విలువ లేదు. కంట్రోల్ కంటే ఎంత ఎక్కువగా, ఎన్నిసార్లు కనిపించిందనేదే విషయం. హెచ్ఎస్‌పీ70, ట్యూబ్యులిన్, రైబోజోమల్ ప్రోటీన్లు ఎవరు ఏ ఐపీ చేసినా వస్తాయి. ఇలాంటి కంట్రోల్ ఐపీలను పోగుచేసిన క్రాపోమ్ అనే భాండాగారం 2013 నుంచి ఉంది, మీ జాబితాను అందులో వేసి చూడండి.

కనీసం మూడు బయలాజికల్ రెప్లికేట్లు, వీలైతే నాలుగు. ఒకే లైసేట్‌ను మూడు ట్యూబులుగా పంచితే అవి మూడు రెప్లికేట్లు కావు, కణాలు వేరువేరు రోజుల్లో పెంచాలి. ఖాళీ వెక్టర్ కంటే ఫ్లాగ్ తగిలించిన జీఎఫ్‌పీ (బెయిట్‌తో సంబంధం లేని మెరిసే ప్రోటీన్) మంచి కంట్రోల్, ఎందుకంటే బీడ్స్ మీద ట్యాగ్ కూర్చున్న పరిస్థితి రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. ట్యాగ్ లేకుండా సొంత యాంటీబాడీతో చేస్తే ఐజీజీ (దేన్నీ ప్రత్యేకంగా పట్టని యాంటీబాడీ) కంట్రోల్ కంటే ఆ జన్యువు తీసేసిన నాకౌట్ కణాలు ఎన్నో రెట్లు నమ్మదగ్గవి. మీకు క్రిస్పర్ చేతిలో పని కాబట్టి చెప్తున్నాను, మాస్ స్పెక్ నేపథ్యంతో వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

యంత్రం మీద నడిపే వరుస కూడా ఫెసిలిటీకి మీరే రాసివ్వండి. కంట్రోళ్లన్నీ ముందు, బెయిట్లన్నీ తర్వాత నడిపితే ఆ రోజు యంత్రం స్థితిలో వచ్చిన మార్పు మీ ఫలితంలా కనిపిస్తుంది. రెప్లికేట్ 1 కంట్రోల్, రెప్లికేట్ 1 బెయిట్, ఖాళీ రన్, రెప్లికేట్ 2... ఇలా కలిపి నడపాలి. బెయిట్ తర్వాత ఖాళీ రన్ తప్పనిసరి. శాంపిల్‌లో అన్నిటికంటే ఎక్కువ ఉండాల్సింది బెయిట్, కాలమ్‌లో మిగిలిపోయి తర్వాతి కంట్రోల్‌లో తేలేదీ అదే.

విశ్లేషణలో కొత్తవాళ్లు ఇరుక్కునే చోట్లు ఇవి. మాక్స్‌క్వాంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రన్ల మధ్య మ్యాచింగ్ ఆన్ చేస్తే బెయిట్ రన్‌లో గుర్తించిన పెప్టైడ్‌ను కంట్రోల్ రన్‌లోని ఏదో చిన్న శిఖరానికి అంటగట్టే ప్రమాదం ఉంది. ఎల్‌ఎఫ్‌క్యూ నార్మలైజేషన్ (లేబుల్ లేకుండా కొలిచిన పరిమాణాలను రన్ల మధ్య సరిచేయడం) చాలా ప్రోటీన్లు రన్ల మధ్య మారవు అనే ఊహ మీద నిలబడింది. నేపథ్యం దండిగా ఉన్న ఐపీలో అది చెల్లుతుంది, మరీ శుభ్రమైన ఐపీలో అదే తలకిందులు చేస్తుంది. కంట్రోల్‌లో కనిపించనివాటికి పెర్సియస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో విలువలు పూరించేటప్పుడు డిఫాల్ట్ 1.8 డౌన్‌షిఫ్ట్, 0.3 వెడల్పు. మూడు రెప్లికేట్లలో ఒక్కదాంట్లోనే కనిపించిన ప్రోటీన్‌కు ఇలా విలువలు పూరించి పీ-విలువ లెక్కేస్తే మిగిలేది కల్పన. ముందు బెయిట్ వైపు మూడింటిలోనూ ఉన్నవాటినే ఉంచుకోండి. స్పెక్ట్రల్ కౌంట్లతో (ప్రోటీన్‌కు వచ్చిన స్పెక్ట్రాల సంఖ్యతో) చేస్తే సెయింట్ ఎక్స్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాడండి.

ఇంకో మాట. పెప్టైడ్‌ల సంఖ్యతో ర్యాంకు చూడకండి. 20 కిలోడాల్టన్ల బెయిట్‌కు పది పెప్టైడ్‌లు రావడమే గొప్ప, 200 కిలోడాల్టన్ల ప్రోటీన్‌కు అరవై సునాయాసంగా వస్తాయి. ఐబ్యాక్ విలువలతో (సంకేతాన్ని ఆ ప్రోటీన్ ఇవ్వగల పెప్టైడ్‌ల సంఖ్యతో భాగించినవి) చూస్తే మీ బెయిట్ 40వ స్థానం నుంచి పైకి రావచ్చు. ట్యాగ్‌తో సహా బెయిట్ సీక్వెన్స్‌ను ఫాస్టా ఫైల్‌లో (సాఫ్ట్‌వేర్ వెతికే సీక్వెన్స్‌ల జాబితాలో) చేర్చారా? ఎలుక జన్యువును మనిషి కణాల్లో వ్యక్తపరిచి, మనిషి డేటాబేస్‌లో మాత్రమే వెతికితే సగం పెప్టైడ్‌లు గల్లంతవుతాయి.

జాబితాలో లేని పార్ట్‌నర్ సంగతి: ఎల్యూషన్‌లో 10 శాతం పక్కన పెట్టి వెస్టర్న్ చేయండి. అక్కడ ఉంటే ఐపీ బాగుంది, సమస్య దాని తర్వాత ఉంది. దాని సీక్వెన్స్ తెరిచి లైసిన్, అర్జినిన్‌ల తర్వాత కత్తిరిస్తే 7 నుంచి 30 అమైనో ఆమ్లాల మధ్య ఎన్ని ముక్కలు వస్తాయో లెక్కపెట్టండి. చిన్న ప్రోటీన్‌కో, మెంబ్రేన్ ప్రోటీన్‌కో ఒకటి రెండు మించి రాకపోవచ్చు. అలాంటప్పుడు వేరే చోట్ల కత్తిరించే గ్లూ-సీ గానీ కైమోట్రిప్సిన్ గానీ ప్రయత్నించాలి, లేదా ఆ ఒకట్రెండు పెప్టైడ్‌లనే లక్ష్యంగా పెట్టుకుని పీఆర్‌ఎం అనే పద్ధతి నడపాలి.

---

ప్లాస్మిడ్_ప్రెప్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫెసిలిటీ నుంచి రా ఫైల్, డైజెషన్ షీట్ తెప్పించాను. చూసినవి:

గ్రేడియంట్ (పెప్టైడ్‌లను కాలమ్ నుంచి దించడానికి సాల్వెంట్‌ను క్రమంగా మార్చడం) చివర్లో 44.026 దూరంతో వరసగా శిఖరాలు, అన్నీ ఒకే చార్జ్. మిస్డ్ క్లీవేజ్ (ట్రిప్సిన్ కత్తిరించకుండా వదిలేసిన చోటు) ఉన్న పెప్టైడ్‌లు 38 శాతం. షీట్‌లో ఉన్నది: 8 మోలార్ యూరియా, డీటీటీ 10 మిల్లీమోలార్ 56 డిగ్రీల్లో 45 నిమిషాలు, అయడోఅసిటమైడ్ 40 మిల్లీమోలార్ గంట, యూరియా 2 మోలార్‌కు పలచన చేసి ట్రిప్సిన్ 1:50, రాత్రంతా 37 డిగ్రీలు.

ట్రిప్సిన్ పాతదై ఉంటుందా?

---

వై1_అయాన్

ట్రిప్సిన్‌ను అనుమానించే ముందు 56 డిగ్రీల దగ్గర ఆగండి. యూరియా నీళ్లలో కొద్దికొద్దిగా సయనేట్‌గా మారుతూ ఉంటుంది, వేడి చేస్తే ఆ వేగం పెరుగుతుంది. సయనేట్ వెళ్లి పెప్టైడ్ ఎన్-టెర్మినస్‌నూ లైసిన్ పక్క గొలుసునూ పట్టుకుంటుంది. ఇదే కార్బమైలేషన్, బరువు 43.006 డాల్టన్లు పెరుగుతుంది. కార్బమైలేట్ అయిన లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కత్తిరించలేదు. మీ మిస్డ్ క్లీవేజ్‌లకు మొదటి అనుమానితుడు అదే. రుజువు తేలిక: మిస్డ్ క్లీవేజ్‌లు లైసిన్ దగ్గరే ఎక్కువగా ఉండి అర్జినిన్ దగ్గర తక్కువగా ఉంటే కార్బమైలేషన్, రెండింటి దగ్గరా సమానంగా ఉంటే ట్రిప్సిన్‌దో, పీహెచ్‌దో, మిగిలిపోయిన ఎస్‌డీఎస్‌దో తప్పు.

ఊహించడం కంటే ఓపెన్ సెర్చ్ చేయండి. అందుకు పనికొచ్చే ఎంఎస్‌ఫ్రాగర్ సాఫ్ట్‌వేర్ 2017లో వచ్చింది, ఫ్రాగ్‌పైప్ ద్వారా నడపొచ్చు. ప్రికర్సర్ (ఇంకా ముక్కలు కాని పెప్టైడ్) బరువులో అనుమతించే తేడాను, అంటే టాలరెన్స్‌ను, మైనస్ 150 నుంచి ప్లస్ 500 డాల్టన్ల దాకా వదిలేస్తే, మీరు అడగని మార్పులు కూడా వాటంతట అవే బయటపడతాయి. ప్లస్ 43.006 పెద్ద గుట్టగా కనిపిస్తే కేసు ముగిసినట్లే. ప్లస్ 15.995 మెథియోనిన్ ఆక్సీకరణ, ప్లస్ 0.984 డీఅమిడేషన్. ఈ రెండూ కొంత ఉండటం మామూలే.

రెండో అనుమానం అయడోఅసిటమైడ్. 40 మిల్లీమోలార్, గంటసేపు అంటే ఎక్కువే. సిస్టీన్ మీద ప్లస్ 57.021 మనం కోరుకున్నది, కానీ మోతాదు మించితే లైసిన్ మీద, ఎన్-టెర్మినస్ మీద కూడా ఎక్కుతుంది. ఓపెన్ సెర్చ్‌లో సిస్టీన్ లేని పెప్టైడ్‌ల మీద ప్లస్ 57.021 కనిపిస్తే ఇదే. మీరు మున్ముందు యుబిక్విటిన్ వైపు వెళ్తే దీన్ని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి: ఒకే లైసిన్ మీద రెండు అయడోఅసిటమైడ్‌లు కూర్చుంటే ప్లస్ 114.043. ట్రిప్సిన్ తర్వాత యుబిక్విటిన్ వదిలిపెట్టే రెండు గ్లైసీన్ల గుర్తు బరువు కూడా సరిగ్గా అంతే, పరమాణువుల లెక్క కూడా అదే. ఎంత గొప్ప యంత్రమైనా ఆ రెండింటినీ బరువుతో వేరుచేయలేదు. 2008లో ఈ సంగతి ప్రచురితమైన దగ్గర్నుంచి యుబిక్విటిన్ పనికి క్లోరోఅసిటమైడ్ వాడుతున్నారు.

మందు: యూరియా ఏ రోజుకారోజు కలపండి, 37 డిగ్రీలు దాటనివ్వకండి. రిడక్షన్ (డీటీటీ దశ) గది ఉష్ణోగ్రతలోనే చేయండి, లేదా డీటీటీకి బదులు 5 మిల్లీమోలార్ టీసెప్ వాడండి. ఆల్కైలేషన్ (అయడోఅసిటమైడ్ దశ) 10 నుంచి 15 మిల్లీమోలార్, 30 నిమిషాలు. మిగిలిన అయడోఅసిటమైడ్‌ను ఇంకొంచెం డీటీటీ వేసి ఆపేయండి. ట్రిప్సిన్ స్టాక్ ఆమ్లంలో ఉంటుంది కాబట్టి వేశాక పీహెచ్ 8 దగ్గరే ఉందో లేదో ఒకసారి చూడండి. లైసిన్ దగ్గర కత్తిరించే లైస్-సీ ఎంజైమ్‌ను ముందు మూడు గంటలు నడిపి, పలచన చేశాక ట్రిప్సిన్ వేస్తే లైసిన్ దగ్గర కోతలు ఇంకా మెరుగుపడతాయి.

44.026 వరస ట్రైటానే. పాలిమర్‌లో ఒక్కో ఇథిలీన్ ఆక్సైడ్ ముక్క బరువది. పెగ్ అనే పాలిమర్ కూడా ఇదే దూరంతో వస్తుంది, కానీ గ్రేడియంట్ చివర్లో గుంపుగా దిగడం, మీ బఫర్‌లో 1 శాతం ఉండటం చూస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు. రెండు చార్జ్‌లతో ఉంటే దూరం 22.013 కనిపిస్తుంది, కొత్తవాళ్లు అక్కడ పొరబడతారు. ఆ శాంపిల్‌ను మళ్లీ నడపమని మాత్రం ఫెసిలిటీని అడగకండి. కాలమ్ పాడు చేసుకోవడానికి ఎవరూ ఇష్టపడరు, వాళ్లు ఒప్పుకున్నా తర్వాత పది రన్ల వరకు ఆ వరస వెంటాడుతుంది.

---

నానోస్ప్రే

రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. నా జవాబు: యంత్రంలో సగం, డేటాలో సగం, బెంచ్ మీ దగ్గర ఇప్పటికే ఉంది. కానీ యంత్రం అనగానే అందరూ మాస్ స్పెక్ పెట్టెను చూస్తారు. రోజూ తిప్పలు పెట్టేది దానికి ముందున్న నానో ఎల్‌సీ (పెప్టైడ్‌లను సన్నని కాలమ్‌లో వేరుచేసి పంపే పరికరం). 75 మైక్రాన్ల కాలమ్, నిమిషానికి 300 నానోలీటర్లు. ఫిటింగ్ సరిగ్గా ఆనకుండా వెంట్రుకవాసి ఖాళీ మిగిలితే చాలు, శిఖరాలు వెడల్పై గుర్తింపులు పడిపోతాయి. ప్రెషర్ పెరిగితే ఎక్కడో అడ్డు, తగ్గితే ఎక్కడో లీకు. ప్రెషర్ బాగుండి స్ప్రే ఆగి ఆగి వస్తే ఎమిటర్ (స్ప్రే సూది). రిటెన్షన్ సమయం (పెప్టైడ్ కాలమ్ నుంచి దిగే సమయం) ప్రతి రన్‌కూ జరిగిపోతుంటే సాల్వెంట్ గానీ పంపు గానీ. ఇవి చూసి చెప్పగలిగినవాళ్లు ఏ ల్యాబ్‌కైనా కావాలి.

దీనికి యంత్రం మీ చేతికి ఇవ్వక్కర్లేదు. ప్రతి బ్యాచ్‌కు ముందు ఫెసిలిటీ హీలా (ఒక రకం మానవ కణాలు) డైజెస్ట్ స్టాండర్డ్ నడుపుతుంది, సాధారణంగా 200 నానోగ్రాములు. ఆ ఫైళ్లు అడిగి తీసుకుని పెప్టైడ్‌ల సంఖ్య, శిఖరాల వెడల్పు, మాస్ ఎర్రర్ పీపీఎంలో, రిటెన్షన్ సమయం ఒక పట్టికలో రాస్తూ పోండి. మీ శాంపిల్ బాగోలేదా యంత్రం బాగోలేదా అనే తగవు ఎప్పుడొచ్చినా ఆ పట్టికే తీర్పు చెప్తుంది.

యంత్రం బ్రాండు మీద మాత్రం జీవితం పెట్టుకోకండి. ఆర్బిట్రాప్ మార్కెట్లోకి 2005లో వచ్చింది, టిమ్స్‌టాఫ్ ప్రో 2017లో, ఆస్ట్రల్ 2023లో. ప్రతిసారీ వేగం మారింది, వాడే సాఫ్ట్‌వేర్ మారింది. ట్రిప్సిన్, సీ18, ఎలక్ట్రోస్ప్రే మాత్రం అలాగే ఉన్నాయి. జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ తెచ్చిన ఆ ఎలక్ట్రోస్ప్రేనే ఇప్పటికీ పెప్టైడ్‌లను గాల్లోకి లేపుతోంది.

---

డికాయ్_డేటాబేస్

@నానోస్ప్రే, సగం సగం అనే లెక్కతో ఏకీభవించను. కొత్తగా వచ్చేవాళ్లకు యంత్రం సమయం దొరకడమే కష్టం. డేటా అలా కాదు, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. ప్రోటియోమ్‌ఎక్స్చేంజ్‌లో, ముఖ్యంగా ప్రైడ్‌లో, ప్రచురితమైన పనుల రా ఫైళ్లు పీఎక్స్‌డీ నంబర్లతో ఉచితంగా ఉన్నాయి. ఒక ఐపీ-ఎంఎస్ పని ఎంచుకుని, రా ఫైళ్లు దించుకుని, ఫ్రాగ్‌పైప్‌లోనో మాక్స్‌క్వాంట్‌లోనో మళ్లీ సెర్చ్ చేయండి. డేటా డీఐఏ (యంత్రం ఎంచుకోకుండా అన్ని పెప్టైడ్‌లనూ ముక్కలు చేసే పద్ధతి) అయితే డీఐఏ-ఎన్‌ఎన్ సాఫ్ట్‌వేర్. వచ్చిన పట్టికను పేపర్ సప్లిమెంట్‌తో పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం మొదలుపెట్టాక ఎఫ్‌డీఆర్, ప్రోటీన్ గ్రూపింగ్, రేజర్ పెప్టైడ్ అనే మాటలు వాటంతటవే అర్థమవుతాయి.

ఆ తర్వాత ఓ పది స్పెక్ట్రాలు చేత్తో చదవండి. పెప్టైడ్ లైసిన్‌తో ముగిస్తే వై1 (పెప్టైడ్ చివరి అమైనో ఆమ్లం ముక్క) 147.113 దగ్గర, అర్జినిన్‌తో ముగిస్తే 175.119 దగ్గర. అక్కడి నుంచి ఒక్కో అమైనో ఆమ్లం బరువు కూడుతూ పైకి ఎక్కండి. సెరిన్, త్రియోనిన్ ఫాస్ఫోపెప్టైడ్ అయితే 97.977 ఊడిపోయిన శిఖరం వెతకండి, టైరోసిన్ అయితే 216.043 ఇమ్మోనియం అయాన్. ఒకే పెప్టైడ్‌తో గుర్తించిన ఇంటరాక్టర్ మీద ఆరు నెలల క్లోనింగ్ మొదలుపెట్టే ముందు ఆ స్పెక్ట్రమ్‌ను కళ్లతో చూసే అలవాటు ఇక్కడే వస్తుంది.

ఆర్ భాషలో లిమ్మా, ఎంఎస్‌స్టాట్స్ అనే గణాంక ప్యాకేజీల వరకు వస్తే మొదటి ఏడాదికి చాలు. సింగిల్ సెల్ ప్రోటియోమిక్స్ ఆకర్షణీయంగా ఉంటుంది, ఇప్పుడే అటు వెళ్లకండి.

---

వై1_అయాన్

ఉద్యోగాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఆ ముక్క కూడా. కోర్ ఫెసిలిటీలో అన్ని రకాల శాంపిల్స్ చేతికొస్తాయి, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ పేరు ఎప్పుడూ రచయితల జాబితా మధ్యలోనే ఉంటుంది, సొంత ల్యాబ్ పెట్టాలనుకునేవాళ్లకు అది అడ్డంకి. బయోఫార్మాలో పెప్టైడ్ మ్యాపింగ్, హోస్ట్ సెల్ ప్రోటీన్ల విశ్లేషణకు మనుషులు కావాలి. అక్కడ కొత్తదనం కంటే ఒకే పద్ధతి వందోసారి కూడా అదే అంకె ఇవ్వడం ముఖ్యం. యంత్రాల కంపెనీల్లో అప్లికేషన్ సైంటిస్టులకు ఎల్‌సీ చేతిపని తెలిసుండాలి. సొంత ల్యాబే లక్ష్యమైతే మిమ్మల్ని వేరుగా నిలబెట్టేది జాబితా వచ్చాక చేసే పని. పాయింట్ మ్యుటేషన్ పెట్టి ఆ ఇంటరాక్షన్ తెగిందని చూపడం, నాకౌట్‌లో ప్రభావం తిరగబడిందని చూపడం. జాబితా దగ్గర ఆగిపోయే పేపర్లు కోకొల్లలు.

బలహీనమైన, క్షణికమైన పార్ట్‌నర్ల కోసం టర్బోఐడీ (పక్కనున్న ప్రోటీన్లకు బయోటిన్ అంటించే ఎంజైమ్‌ను బెయిట్‌కు తగిలించడం) కూడా నేర్చుకోండి, 2018 నుంచి ఉంది. క్లోనింగ్ మీకు సమస్య కాదు. బయోటిన్ వేసి పది నిమిషాల్లో లేబులింగ్ అయిపోతుంది. బయోటిన్-స్ట్రెప్టావిడిన్ బంధం గట్టిది కాబట్టి 2 శాతం ఎస్‌డీఎస్‌తో కూడా కడగొచ్చు, డిటర్జెంట్ లేని వాష్‌లు మాత్రం చివర్లో మామూలే. పైరువేట్ కార్బాక్సిలేజ్ లాంటివి పైన కనిపిస్తే సంబరపడకండి, కణంలో సహజంగానే బయోటిన్ ఉన్న ప్రోటీన్లవి. దగ్గరలో ఉండటం వేరు, అతుక్కోవడం వేరు అన్నది మరిచిపోకుండా ఫలితం రాయాలి.

---

ప్లాస్మిడ్_ప్రెప్

చాలా స్పష్టత వచ్చింది. జీఎఫ్‌పీ-ఫ్లాగ్ కంట్రోల్‌తో నాలుగేసి రెప్లికేట్లు, బీడ్స్ మీద డైజెషన్, బెంజోనేజ్, ఓపెన్ సెర్చ్. చివరగా ఒకటి: సీ18 తర్వాత ఎండబెట్టిన పెప్టైడ్‌లను ఫెసిలిటీకి ఎలా ఇవ్వాలి? ఎంత ఉన్నాయో నానోడ్రాప్‌లో (కాంతితో సాంద్రత కొలిచే పరికరం) కొలవొచ్చా?

---

సీ18_చిట్కా

ఐపీలో మొత్తం పెప్టైడ్‌లే ఒకట్రెండు మైక్రోగ్రాములు ఉండొచ్చు, నానోడ్రాప్ అంకె నమ్మలేం. అన్ని శాంపిల్స్‌నూ ఒకే పరిమాణంలో, 12 మైక్రోలీటర్లలో కరిగించి, ప్రతిదాంట్లో 4 మైక్రోలీటర్లు ఎక్కించమనండి. మిగతాది రన్ చెడితే పనికొస్తుంది.

స్పీడ్‌వాక్‌లో (వాక్యూమ్‌లో ఎండబెట్టే యంత్రం) అసిటోనైట్రైల్ పోయి ఒకట్రెండు మైక్రోలీటర్లు మిగిలినప్పుడే ఆపేయడం మంచిది. ఎముకలా ఎండిపోతే నీళ్లంటే పడని పెప్టైడ్‌లు ప్లాస్టిక్‌కు అంటుకుని మళ్లీ లేవవు. లో-బైండింగ్ ట్యూబులే వాడండి, పారాఫిల్మ్ చుట్టకండి. పంపేదాకా మైనస్ 80లో ఉంచండి. 2 శాతం అసిటోనైట్రైల్, 0.1 శాతం ఫార్మిక్ ఆసిడ్‌లో కరిగించి, సోనికేటర్ బాత్‌లో 5 నిమిషాలు పెట్టి, 16,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పండి. పైద్రవాన్ని వయల్‌లోకి తీసేటప్పుడు అడుగున 2 మైక్రోలీటర్లు వదిలేయండి. బీడ్స్ పొరపాటున మిగిలుంటే ఉండేది అక్కడే, ఒక్క బీడ్ చాలు కాలమ్ మూసుకుపోవడానికి. వయల్ మీద పేరు మార్కర్‌తో కాకుండా లేబుల్ మీద రాయండి, అసిటోనైట్రైల్ తగిలితే మార్కర్ సిరా కరిగిపోతుంది.